కన్ను పొడవెంత?

"మోతిబిందు తీసి లోపట అద్దం ఏస్తరు గద సారూ, చెప్పులకున్నట్టు దానికి గూడ నంబర్లుంటయా?" అని ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన ఒక పసుపు రైతు అడిగాడు. ఉంటాయన్నాను. "మరి నా నంబరు మీకెట్ల ఎర్కయితది?" అన్నాడు వెంటనే. శుక్లం ఆపరేషన్ గురించి రోగి అడగదగిన ప్రశ్నల్లో ఇంతకు మించినది లేదనుకుంటాను. ఆపరేషన్‌లో నొప్పి ఉంటుందా, ఎన్నాళ్లు తలస్నానం చేయకూడదు, ఎంత ఖర్చవుతుంది అని అందరూ అడుగుతారు. లోపల పెట్టే లెన్స్ తన కంటికి సరిపోతుందో లేదో ముందే ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లు తక్కువ. ఆపరేషన్ తర్వాత వచ్చే చూపులో సగం ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

నేను కంఠేశ్వర్‌లో కళ్లు చూస్తాను. నీలకంఠేశ్వరుడి పాత గుడి పేరుతో ఏర్పడిన పేట ఇది. ఏటా రథసప్తమికి ఉత్సవం జరుగుతుంది. నిజామాబాద్ పట్టణంవాళ్లతో పాటు బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూర్ నుంచీ, మంజీర దాటి మహారాష్ట్ర ఊళ్ల నుంచీ ఇక్కడికి వస్తారు. చెరకు కొట్టినవాళ్లు, పసుపు ఉడకబెట్టినవాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి ఎండలో పనిచేసి తిరిగొచ్చినవాళ్లు. ఎండ ఎక్కువ, వైద్యం ఆలస్యం. అందుకే మా దగ్గరకు వచ్చే శుక్లాల్లో గోధుమరంగుకు తిరిగి గట్టిపడినవీ, పూర్తిగా పండి పాలలా తెల్లబడినవీ చాలా ఉంటాయి.

షక్కర్‌నగర్‌లో ఒకాయన ఉన్నారు. 1930ల చివర్లో మొదలై 2015 చివర్లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. కుడికంటికి చాలా ఏళ్ల కింద ఎక్కడో శిబిరంలో ఆపరేషన్ అయింది. ఎడమ కంట్లో శుక్లం ముదిరి మా దగ్గరకు వచ్చారు. "డాక్టర్ సాబ్, ఆ కన్నయితే ఖరాబయింది, దాన్ని వదిలెయ్యండి. దీన్నన్న కాపాడండి" అన్నారు. ఖరాబయిందన్న కన్నునే ముందు చూశాను. గాటు చక్కగా మానింది. లెన్స్ సరిగ్గా నడిమధ్యన కూర్చుంది. వెనక రెటీనా ఆరోగ్యంగా ఉంది. చేసినవారి చేతిలో లోపమేమీ లేదు. కానీ ఆయన గోడమీది అక్షరాల్లో పెద్దది మాత్రమే చదవగలిగారు. పరీక్ష ఫ్రేములో మైనస్ నాలుగు అద్దం పెట్టగానే దాదాపు కింది వరస దాకా చదివేశారు.

కంటిని కొలిస్తే 25 మిల్లీమీటర్లు దాటింది. లెన్స్ పవర్ రాసిన కాగితం ఆయన దగ్గర లేదు. మిగిలిపోయిన నంబరును బట్టి చూస్తే, సగటు పొడవున్న కంటికి సరిపోయే లెన్స్‌ను ఈ పొడవాటి కంట్లో పెట్టినట్టు కనిపించింది. ఆపరేషన్ నిక్కచ్చిగా జరిగింది, చూపు మాత్రం మసకగానే ఉండిపోయింది. ఆ మసకను తన తలరాత అనుకుని ఆయన ఇన్నేళ్లు ఒంటికన్ను మీద బతికారు. అద్దాలు ఇస్తే సరిపోయే కన్ను అది. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పెద్దవాళ్ల కన్ను ముందు నుంచి వెనక్కు సగటున 23.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎక్కువమందికి 22కూ 24.5కూ మధ్య వస్తుంది. పైకి చూస్తే ఈ తేడా ఎవరికీ తెలియదు. కంటి వెనక తెర (రెటీనా) మీద వెలుతురు కచ్చితంగా ఒక బిందువు దగ్గర కలవాలి. మనం పుట్టుకతో తెచ్చుకున్న లెన్స్‌ను తీసేసి ఇంకొకటి పెట్టేటప్పుడు, ఆ తెర ఎంత దూరంలో ఉందో తెలియకపోతే వెలుతురు తెరకు ముందో వెనకో కలుస్తుంది. కొలతలో ఒక మిల్లీమీటరు తప్పితే సగటు కంటికి అద్దాల నంబరు రెండున్నర నుంచి మూడు దాకా తేడా వస్తుంది. మిల్లీమీటరులో పదోవంతు తప్పినా పావు నంబరు మారుతుంది. పొట్టి కళ్లలో ఇదే పొరపాటు ఇంకా ఎక్కువగా బయటపడుతుంది, పొడవాటి కళ్లలో కొంచెం తగ్గుతుంది.

ఈ పాఠం వైద్యానికి మొదటి ఆపరేషన్‌తోనే అందింది. 1949 నవంబర్ 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ 45 ఏళ్ల మహిళ కంట్లో ప్లాస్టిక్ లెన్స్ అమర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల ప్లాస్టిక్ అద్దం ముక్కలు కళ్లలో గుచ్చుకున్న పైలట్లను ఆయన చూశారు. ఆ రకం ప్లాస్టిక్‌ను కన్ను సహిస్తుందని గమనించి, దానితోనే లెన్స్ చేయించారు. ఆకారాన్ని మనిషి సహజమైన లెన్స్‌ను చూసి తీసుకున్నారు. కానీ ఆ ప్లాస్టిక్ వెలుతురును వంచే శక్తి సహజమైన లెన్స్ కంటే ఎక్కువ. ఫలితంగా ఆ కంటికి సుమారు మైనస్ 18 నంబరు, దానికి తోడు ఎక్కువ సిలిండర్ మిగిలాయి. ఆయన కనిపెట్టిన దారి కోట్లమందికి చూపునిచ్చింది. కంట్లో లెన్స్ నిలబెట్టడం సాధ్యమేనని ఆ రోజు తేలింది, ఏ పవర్ లెన్స్ పెట్టాలన్న ప్రశ్న కూడా ఆ రోజే పుట్టింది.

దానికి జవాబు రావడానికి ఇంకో రెండు మూడు దశాబ్దాలు పట్టింది. 1956లో అమెరికాలో మంట్, హ్యూస్ అనే ఇద్దరు శబ్ద తరంగాలతో కంటిని పరీక్షించారు. 1967లో రష్యన్ వైద్యుడు ఫ్యొదొరోవ్, ఆయన సహచరులు కంటి పొడవు, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) వంపు ఆధారంగా లెన్స్ పవర్ లెక్కగట్టే సూత్రం ప్రచురించారు. 1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురి పేర్లతో వచ్చిన ఎస్.ఆర్.కె. సూత్రం ప్రతి కంటి వైద్య విద్యార్థికీ నోటికొచ్చేంత సులువైంది. లెన్స్‌కు తయారీదారు ఇచ్చిన స్థిర సంఖ్య నుంచి కంటి పొడవుకు రెండున్నర రెట్లు, కార్నియా పవర్‌కు 0.9 రెట్లు తీసేయాలి. స్థిర సంఖ్య 118, కార్నియా పవర్ 44 అనుకుందాం. 23.5 మిల్లీమీటర్ల కంటికి దాదాపు 19.5 లెన్స్ కావాలి. 22 మిల్లీమీటర్ల కంటికి 23.5 కావాలి. 26 మిల్లీమీటర్ల కంటికి 13.5 సరిపోతుంది. ఇప్పుడు ఇంతకంటే కచ్చితమైన కొత్త సూత్రాలున్నాయి, మరీ పొట్టి, మరీ పొడవు కళ్లకు వాటినే వాడాలి. కానీ ఒకే వీధిలో ఉండే ముగ్గురికి పది నంబర్ల తేడాతో లెన్స్‌లు కావాల్సి రావచ్చని ఈ పాత లెక్కే చూపిస్తుంది.

మన పల్లెల్లో పెద్దవాళ్లకు ఇంకా గుర్తుంటుంది, పూర్వం శిబిరాల్లో శుక్లం తీసేసి లెన్స్ లేకుండానే పంపేవారు. ప్లస్ పది దగ్గరి సోడాబుడ్డి అద్దాలతోనే చూడాలి. వాటితో వస్తువులు పావు వంతు పెద్దవిగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపించేవి. మెట్టు ఎక్కడుందో తెలియక పడేవారు. అద్దాలు పగిలితే మళ్లీ చీకటే. 1992లో మదురైలో అరవింద్ సంస్థ వారి ఆరోల్యాబ్ తక్కువ ధరకు లెన్స్‌ల తయారీ మొదలుపెట్టాక పేదవాడి కంట్లోకీ లెన్స్ చేరింది. లెన్స్ చేరినంత వేగంగా కొలత అన్ని చోట్లకూ చేరలేదు. చాలాకాలం కొన్ని శిబిరాల్లో అందరికీ ఒకటే సగటు పవర్ పెట్టే అలవాటు నడిచింది. షక్కర్‌నగర్ పెద్దాయన లాంటి కళ్లు ఆ కాలపు గుర్తులు.

ఇప్పుడు కొలత ఎలా తీస్తామో చెబుతాను. ఏ-స్కాన్ అనే యంత్రంలో పెన్ను లాంటి ప్రోబ్ ఉంటుంది. కంట్లో మత్తు చుక్కలు వేసి, ప్రోబ్ కొనను కార్నియాకు తాకిస్తాం. అది పంపిన శబ్ద తరంగం రెటీనాకు తగిలి వెనక్కు రావడానికి సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో ముప్ఫై భాగాల కాలం పడుతుంది. ఆ కాలాన్ని బట్టి యంత్రం పొడవు లెక్కిస్తుంది. కంట్లో ఉండే ద్రవంలో శబ్దం సెకనుకు 1532 మీటర్లు, శుక్లం పట్టిన లెన్స్‌లో సుమారు 1641 మీటర్లు వెళ్తుందని యంత్రానికి ముందే చెప్పి ఉంచుతారు.

ఇందులో పెద్ద ప్రమాదం చేతిబరువు. కార్నియా మెత్తనిది. ప్రోబ్‌ను కాస్త గట్టిగా నొక్కితే కన్ను లోపలికి అణిగి మిల్లీమీటరులో పదోవంతో, రెండు మూడు పదోవంతులో తక్కువ చూపిస్తుంది. అంటే అవసరానికి మించిన పవర్ లెన్స్ వెళ్తుంది, రోగికి మైనస్ నంబరు మిగులుతుంది. అందుకే కంటి మీద చిన్న గిన్నెలాంటిది పెట్టి, అందులో ద్రవం పోసి, ప్రోబ్ కార్నియాను తాకకుండా కొలిచే పద్ధతి మేలు. తెర మీద కార్నియా, లెన్స్ ముందు వెనక పొరలు, రెటీనా, ఒక్కోదానికి ఒక్కో నిలువు గీత లేస్తుంది. రెటీనా గీత నిటారుగా, ఎత్తుగా లేవాలి. వాలుగా లేస్తే తరంగం పక్కకు పోయిందని అర్థం. అలాంటి గీతలను తీసేసి, దగ్గర దగ్గరగా వచ్చినవాటిని మాత్రమే సగటు తీసుకోవాలి. ఈ పని చేసే టెక్నీషియన్ అమ్మాయిలు, అబ్బాయిల ఓపికకు రోగి చూపు రుణపడి ఉంటుంది. వాళ్లను తొందరపెట్టే హక్కు ఏ సర్జన్‌కూ లేదు.

1999 నుంచి వెలుతురుతో కొలిచే యంత్రాలు వచ్చాయి. ముట్టుకోనక్కరలేదు. రోగి ఒక చుక్కనే చూస్తూ కూర్చుంటే, కంటికి కనిపించని పరారుణ కాంతి కార్నియా నుంచి చూపు కేంద్రం దాకా పొడవును మిల్లీమీటరులో వందో వంతు వరకూ చెబుతుంది. నొక్కడం లేదు కాబట్టి ఆ తప్పుకు తావు లేదు. కానీ ఆ వెలుతురు శుక్లాన్ని దాటాలి. బాగా పండిన తెల్ల శుక్లాన్నీ, ముదురు గోధుమ శుక్లాన్నీ చాలాసార్లు దాటలేదు. కొత్త తరం యంత్రాలు కొంత మెరుగు. అయినా మా ప్రాంతంలో ఆలస్యంగా వచ్చే కళ్లకు శబ్దంతో కొలవడం తప్పదు. కొత్త యంత్రం వచ్చింది కదా అని ఏ-స్కాన్ నేర్పడం మానేస్తే ముందు నష్టపోయేది బాగా ఆలస్యంగా వచ్చిన పేద రోగే.

కొన్ని కళ్లు యంత్రాన్ని కూడా తప్పుదోవ పట్టిస్తాయి. చిన్నప్పటి నుంచీ పెద్ద మైనస్ అద్దాలు వాడిన ఒక టీచరమ్మ వచ్చింది. ఏ-స్కాన్‌లో ఒకసారికి, ఇంకోసారికి మిల్లీమీటరుకు పైగా తేడా వచ్చింది. అంత పొడవాటి కళ్లలో వెనక గోడ కొందరిలో ఒకచోట సాగి గుంతలా పడుతుంది. చూపు కేంద్రం ఆ గుంత అంచున ఉండవచ్చు, తరంగం మాత్రం గుంత అడుగును కొలిచి వస్తుంది. బి-స్కాన్ చేసి గోడ ఆకారం చూశాం. శుక్లం ఇంకా పలచగా ఉండటంతో ఆమె చుక్కను నిలకడగా చూడగలిగింది, వెలుతురు కొలత నమ్మదగినదిగా వచ్చింది. దాని ప్రకారమే లెన్స్ ఎంచుకున్నాం. ఆపరేషన్ అయ్యాక ఆమె మందపాటి అద్దాలు లేకుండానే బడికి వెళ్తోంది.

గల్ఫ్ నుంచి వచ్చిన ఒకతనికి అంతకుముందు హైదరాబాద్‌లో రెటీనా ఆపరేషన్ అయి, కంట్లో సిలికాన్ ఆయిల్ నింపి ఉంది. ఆయిల్‌లో శబ్దం సెకనుకు సుమారు 980 మీటర్లే నడుస్తుంది. ఆ సంగతి యంత్రానికి చెప్పకపోతే మామూలు కన్ను కూడా 30 మిల్లీమీటర్లు దాటినట్టు చూపిస్తుంది. అతను పాత కాగితాలు ప్లాస్టిక్ కవరులో దాచి తెచ్చాడు. ఆ కాగితాల వల్లనే మేం సరైన సెట్టింగ్ పెట్టి కొలవగలిగాం.

పొడవుతో పాటు కార్నియా వంపు కూడా కావాలి. ఇక్కడ చెరకు తోటలు మాకు వేరే పాఠం చెబుతాయి. చెరకు ఆకు అంచు రంపంలా ఉంటుంది. నరికేటప్పుడు విసురుగా కంటికి తగిలి గీరుకుపోతుంది. అందులో ఫంగస్ చేరి పుండుపడితే, మానాక కూడా తెల్లమచ్చ మిగులుతుంది. కోటగిరి వైపు నుంచి వచ్చిన ఒక కూలీకి నల్లగుడ్డు మీద అలాంటి మచ్చ ఉంది. వంపు కొలత ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. అలాంటప్పుడు రెండో కంటి వంపును ఆధారంగా తీసుకోవాల్సి వస్తుంది. లెక్క పూర్తిగా కుదరకపోవచ్చని, మచ్చ ఉన్నంతమేర చూపు తక్కువే ఉంటుందని ఆపరేషన్‌కు ముందే అతనికీ, అతని కొడుక్కీ చెప్పాను. "నడిచేంత కానొస్తె సాలు సారూ" అన్నాడతను. అంతకంటే బాగానే కనిపించింది.

ఎండలో పనిచేసేవాళ్లకు తెల్లగుడ్డు నుంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం కూడా మామూలే. అది కార్నియాను ఒకవైపు చదును చేస్తుంది. కండ ఉండగానే కొలిచి లెన్స్ వేసి, తర్వాత కండ తీస్తే వంపు మారిపోయి లెక్క తప్పుతుంది. పెద్ద కండ అయితే ముందు దాన్ని తీసి, కార్నియా కుదురుకునే దాకా కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు ఆగి కొలవాలి. కూలికి పోయే మనిషిని రెండుసార్లు రమ్మనడం కష్టమే. ఆ కష్టం ఎందుకో విడమరిచి చెబితే వస్తారు. నా దగ్గర చాలామంది వచ్చారు.

కొలతలన్నీ అయ్యాక యంత్రం ఒక పట్టీ ఇస్తుంది. ఈ పవర్ వేస్తే దూరం స్పష్టంగా ఉంటుంది, ఇది వేస్తే మైనస్ ఒకటి, ఇది వేస్తే మైనస్ రెండు మిగులుతుంది అని వరసగా రాసి ఉంటుంది. ఎవరికైనా దూరం చూపే సరిచేయడం మా అలవాటు. నా అలవాటును ఒక బీడీల అవ్వ మార్చింది. ఏం పని చేస్తావని అడిగితే, "ఏం జేస్త సారూ, బీడీలు జేస్త. బస్సు బోర్డు కానరాకుంటె పక్కోళ్లనడుగుత. ఆకు అంచు, దారం కానరాకుంటె నాకెవలు జేసి పెడ్తరు?" అంది. చాట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో తునికాకు కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టే పని కంటికి సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో నడుస్తుంది. మైనస్ రెండున్నర మిగిలిన కంటికి ఆ దూరమే అద్దాలు లేకుండా స్పష్టంగా కనిపించే చోటు. దూరానికి అద్దాలు పెట్టుకోవాల్సి వస్తుందని వివరంగా చెప్పి, ఆమె కూతురి ముందు ఒప్పుకున్నాకే ఆ లెక్కన మైనస్ రెండు దాటి మిగిలేట్టు లెన్స్ ఎంచుకున్నాను. ఆపరేషన్ తర్వాత ఆమె తన పనికి తాను వెళ్లింది. బజారుకు పోయేటప్పుడు మాత్రం అద్దాలు పెట్టుకుంటుంది.

అప్పటి నుంచి ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను, రోజంతా మీ చేతులు ఏం చేస్తాయి, మీ కళ్లు ఎంత దూరం చూస్తాయి అని. లారీ నడిపే మనిషికి దూరం కావాలి. ఖురాన్ చదువుకునే పెద్దాయనకు, భాగవతం చదువుకునే పెద్దమ్మకు పుస్తకం కావాలి. కంటి పొడవు యంత్రం చెబుతుంది. ఆ కంటికి ఏది అవసరమో మనిషే చెప్పాలి. ఈ రెండూ కలిస్తేనే లెన్స్ నంబరు సరిగ్గా వస్తుంది. చదువురాని మనిషికి ఏ పవరైతే ఏముంది అనుకోవడం పెద్ద అన్యాయం. అద్దాలు కొనుక్కోలేని, పగిలితే మార్చుకోలేని మనిషికే కొలత మరింత కచ్చితంగా ఉండాలి.

1990ల చివర్లో హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వారు హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పది వేలమందికి పైగా కళ్లు పరీక్షించారు. ఆపరేషన్ అయిన కళ్లలో కూడా సరిగ్గా కనిపించనివి ఎన్నో ఉన్నాయని అప్పుడు బయటపడింది. అందుకు సరైన అద్దాలు లేకపోవడం ఒక ముఖ్యమైన కారణం. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమంతో తెలంగాణ పల్లెల్లో ఇంటి పక్కనే కంటి పరీక్ష అందింది, అద్దాలు అందాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక లక్ష్యం పెట్టింది. శుక్లం ఆపరేషన్ అవసరమైనవాళ్లలో, ఆపరేషన్ అయి మంచి చూపు కూడా వచ్చినవాళ్ల శాతాన్ని 2030 నాటికి మరో 30 పాయింట్లు పెంచాలన్నది దాని సారం. ఇప్పుడు ఆపరేషన్ల సంఖ్య ఒక్కటీ చాలదు, చూపు 6/12 దాకా (మామూలు కన్ను పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచి చదివేంతగా) వచ్చిందా అన్నదీ లెక్కలోకి వస్తోంది.

చదివేవారికి నేను చెప్పగలిగినవి ఇవి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆపరేషన్ చేయిస్తుంటే, కన్ను కొలిచారా, రెండు కళ్లూ కొలిచారా అని అడగండి. రెండింటి మధ్య మిల్లీమీటరులో మూడు పదోవంతులకు మించి తేడా వస్తే మళ్లీ కొలవడం మంచిది. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు డాక్టర్ చెప్పినన్ని రోజుల ముందు నుంచీ వాటిని మానాలి. గతంలో అద్దాలు పోవడానికి లేజర్ చేయించుకున్నా, రెటీనా ఆపరేషన్ అయినా, కంటికి దెబ్బ తగిలినా తప్పకుండా చెప్పాలి, పాత కాగితాలు తేవాలి. ఆపరేషన్ అయ్యాక లెన్స్ పవర్, కంటి పొడవు రాసిన చీటీ అడిగి తీసుకుని ఆధార్ కార్డుతో పాటు దాచండి. రెండో కంటికి అది పనికొస్తుంది. నెల తర్వాత అద్దాల పరీక్షకు తప్పక తీసుకురండి.

తోటి వైద్యులకూ, శిబిరాలు పెట్టే పెద్దలకూ ఒక మనవి. ఒక కంటిని సరిగ్గా కొలవడానికి పావుగంట చాలు. ఆ పావుగంటను డబ్బున్నవాడి కంటికీ, లేనివాడి కంటికీ ఒకేలా ఇవ్వాలి. ఏడాదిలో ఎంతమందికి ఆపరేషన్ చేశామో బోర్డు మీద రాసుకుంటున్నాం. దాని పక్కనే, అద్దాలు లేకుండా 6/12 వరస చదివినవాళ్లు ఎంతమందో కూడా రాద్దాం. మన పని ఎంత బాగుందో ఆ రెండో అంకె చెబుతుంది.